పొర చెక్క సైడ్‌బోర్డ్‌కి అంత ధరా?

కోపెన్‌హాగన్‌లో ఉద్యోగం చేస్తున్న సౌమ్య 1950ల నాటి డేనిష్ సైడ్‌బోర్డ్ కొంది. నడుమెత్తున, పొడుగ్గా, సన్నటి కాళ్ళ మీద నిలబడి ఉంటుంది, కంచాలూ గిన్నెలూ దాచుకునే టేకు సామాను. డిజైన్ డెన్మార్క్‌కి చెందిన బోర్గె మోగెన్సెన్‌ది, చేసింది సోబోర్గ్ ఫ్యాక్టరీ. రాజమండ్రిలో టింబర్ డిపో నడిపిన మామయ్య దాన్ని వీడియో కాల్‌లో చూశాడు. (ఇద్దరూ నా కల్పనే, చెక్క సంగతులు మాత్రం నిజం.)

మామయ్య: తలుపు అంచు దగ్గరగా చూపించమ్మా. ఆఁ, అదే అనుకున్నా! పైన టేకు పొర, లోపల వేరే చెక్క. టేకని చెప్పి నీకు వెనీర్ అంటగట్టారు. ఆ డబ్బుకి ఇక్కడ చేవ ఉన్న బర్మా టేకుతో మంచం, బీరువా రెండూ చేయించేవాణ్ణి.

సౌమ్య: ఎవరూ అంటగట్టలేదు మామయ్యా, వెనీరని చెప్పే అమ్మారు. ఇక్కడ చలికాలమంతా ఇళ్ళల్లో హీటర్లు నడుస్తాయి, గాలి ఎండిపోతుంది, పొర కాకుండా వెడల్పాటి నిండు చెక్కయితే వంగొచ్చు, పగలొచ్చు. అందుకే పెద్ద పలకలకి వెనీర్ వాడి, కాళ్ళకి మాత్రం నిండు టేకు పెట్టారు.

మామయ్య: చెక్క కదులుతుందని మాకు తెలీదా? ఫ్రేము కట్టి పలకని గాడిలో వదులుగా కూర్చోబెడతాం. మా తాత నాటి భోషాణం ఎండకీ వానకీ తట్టుకుని ఇప్పటికీ ఉంది.

సౌమ్య: ఫ్రేము కడితే ఈ ముఖం రాదుగా. ఒకే దుంగలోంచి వరసగా తీసిన పొరల్ని పక్కపక్కన అతికిస్తే, చెక్కలోని గీతలు ఈ తలుపు మీంచి ఆ తలుపు మీదకి తెగకుండా పోతున్నాయి, చూడండి. పైగా ఒక్క దుంగతో ఎన్ని సైడ్‌బోర్డ్‌లకి సరిపోతుందో మీకు నేను చెప్పాలా?

మామయ్య: అందం కాదనను. రేపు గీత పడితే? మా చెక్కయితే చిత్రిక పట్టుకుంటాం. దీన్ని ఉప్పు కాగితంతో గట్టిగా నాలుగుసార్లు రుద్దితే అడుగు బయటపడుతుంది, మిల్లీమీటరు మందం కూడా లేదది.

సౌమ్య: అది నిజమే, అందుకే దీని మీద మిమ్మల్ని చెయ్యి వెయ్యనివ్వను.

మామయ్య: సరేలే. ఇంతకీ ఆ మోగెన్సెన్ చెక్క ముట్టుకున్నాడా, కాగితం మీద గీసి పేరు కొట్టేశాడా?

సౌమ్య: ఆయన చెక్కపని నేర్చుకునే వచ్చాడు మామయ్యా. 1914లో ఆల్‌బోర్‌లో పుట్టి, 1934కల్లా వడ్రంగం పూర్తిచేసి, ఆ తర్వాత కోరె క్లింట్ దగ్గర డిజైన్ చదివాడు. ఆ క్లింట్ ఎవరంటే, ఇంట్లో వాడే కంచాలూ గ్లాసులూ కొలిచి, వాటికి సరిపడా సైడ్‌బోర్డ్ గీసిన మనిషి. శిష్యుడు ఇంకా ముందుకెళ్ళాడు. గ్రేటె మేయర్ అనే ఆర్కిటెక్ట్‌తో కలిసి, మామూలు ఇంట్లో చొక్కాలెన్ని, దుప్పట్లెన్ని, చెంచాలెన్ని, మడతపెడితే ఎంత చోటు పడుతుందో లెక్కలు తీసి, 1954లో ఆ కొలతలతోనే అల్మారాలు చేశాడు. ఎక్కడా అరచెయ్యంత చోటు దండగ కాకూడదన్నమాట.

మామయ్య: కొలతల సంగతి బావుంది, ఒప్పుకుంటా. మరి ధరో?

సౌమ్య: ఆ ధర ఆయన పెట్టింది కాదు. 1942 నుంచి 1950 దాకా ఎఫ్‌డీబీ అనే సహకార సంస్థ ఫర్నిచర్ విభాగానికి పెద్దగా ఉండి, జనం కొనగలిగే సామానే చేయించాడు. ఈ సామాను మీద మోజు మధ్యలో పడిపోయి, మళ్ళీ 1990ల నుంచి పెరిగింది, దాంతో రేట్లు కూడా.

మామయ్య: అంటే జనం కోసం పనిచేసినాయన సామాను ఇప్పుడు జనానికి అందదు. ఇంకోటి చెప్పు, డెన్మార్క్‌లో టేకు మొలుస్తుందా? సయాం, అదే ఇప్పటి థాయ్‌లాండ్, అక్కడి అడవులు నరికి తెచ్చిందేగా!

సౌమ్య: అక్కడ నా దగ్గర జవాబు లేదు. ఈస్ట్ ఏషియాటిక్ అనే డేనిష్ కంపెనీ సయాంలో టేకు వ్యాపారం చేసిన మాట వాస్తవం. మోగెన్సెన్‌కి ఓక్ అంటే ఇష్టం, నాకూ ఓక్‌ది దొరికుంటే అదే కొనేదాన్ని.

మామయ్య: రోజ్‌వుడ్‌ది కొనలేదు, అదే నయం. బ్రెజిల్ రోజ్‌వుడ్ మన ఇరుగుడికి చుట్టం, 1992 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారం మీద నిషేధం. పాత సామానైనా కాగితాలు లేకుండా అమ్మలేవు. అది సరే, వాళ్ళ కంచాలు కొలిచి చేశారుగా, మన ఇడ్లీ పాత్ర పడుతుందా?

సౌమ్య: పట్టలేదు. మధ్య అర తీసేశాను.

మామయ్య: తీసేశావా! మరి ఇంతసేపూ ఆ లెక్కల గొప్ప చెప్పావు?

సౌమ్య: అరల్ని పైకీ కిందకీ మార్చుకునేలా చేసిందీ వాళ్ళే కదా మామయ్యా.

మామయ్య: ఆ తీసిన పలక పారెయ్యకు, మంచం కింద పెట్టు. అమ్మేటప్పుడు కొనేవాడు మొదట అడిగేది అదే.