లెక్కకు రాని చదువు

‘ప్రతి బిడ్డకూ నాణ్యమైన విద్య’ అన్న మాటను కాదనేవారు ఎవరూ ఉండరు. దానితో వచ్చిన చిక్కే అది. విద్యారంగంలో పనిచేసే స్వచ్ఛంద సంస్థల్లో చాలావాటి ధ్యేయ ప్రకటన ఈ తీరుగానే ఉంటుంది. ఎవరికి, ఏ వయసులో, ఏం వస్తే పని అయినట్టు? ఈ మూడింటికీ జవాబు చెప్పని ధ్యేయం కింద ఏ కార్యక్రమమైనా ఇమిడిపోతుంది. బడి సంచులు పంచినా, కంప్యూటర్ గది కట్టించినా, సెలవుల్లో చిత్రలేఖనం పోటీ పెట్టినా అందులోకే వస్తుంది. ఏడాది చివర నివేదికలో పంచిన వస్తువుల సంఖ్య ఉంటుంది, ఫొటోలూ ఉంటాయి. చదవడం రాని పిల్లల్లో ఎందరికి చదవడం వచ్చిందన్న లెక్క మాత్రం వెతికినా దొరకదు.

బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థ 1985లో 22 ఒంటిగది బడులతో అనియత విద్య (మామూలు బడి వ్యవస్థకు బయట నడిచే చదువు) మొదలుపెట్టినప్పుడు తన పిల్లలెవరో ముందే తేల్చుకుంది. బడి మొహం చూడనివారు, మధ్యలో మానేసినవారు, పేద గ్రామీణ కుటుంబాలవారు, అందులోనూ ఆడపిల్లలు ఎక్కువ. మిగతా నిర్ణయాలన్నీ దాన్నిబట్టే వచ్చాయి: గదికి 30 మంది చొప్పున పిల్లలు, ఊళ్లోనే గది, టీచరుగా స్థానిక మహిళ, తల్లిదండ్రులతో మాట్లాడి ఖాయం చేసుకున్న వేళలు. ఎవరికోసమో స్పష్టంగా రాసుకుంటే బడ్జెట్‌లో సగం పద్దులు వాటంతటవే తేలిపోతాయి.

వస్తువు ఇస్తే చదువు వస్తుందన్న నమ్మకం అంత తేలిగ్గా పోయేది కాదు. కెన్యాలో 1996లో ఒక స్వచ్ఛంద సంస్థ 25 పాఠశాలలకు పాఠ్యపుస్తకాలిచ్చింది. సగటు మార్కుల్లో తేడా రాలేదు. ముందునుంచీ బాగా చదివేవారే లాభపడ్డారు. పుస్తకాలు ఇంగ్లిష్‌లో ఉన్నాయి, చాలామంది పిల్లలకు అది మూడో భాష. పెరూలో ‘పిల్లకో ల్యాప్‌టాప్’ పథకాన్ని 319 గ్రామీణ పాఠశాలల్లో పరిశీలించారు. పథకం అందిన బడుల్లో కంప్యూటర్లు విద్యార్థుల సంఖ్యను మించాయి. 15 నెలల తరవాత చూస్తే గణితం, భాష మార్కులు కదల్లేదు. ఈ రెండుచోట్లా సరఫరాలో లోపం లేదు, వస్తువులు చేరాల్సినచోటికే చేరాయి. సరఫరాను మాత్రమే లెక్కించే నివేదికలైతే రెండింటినీ ఘనవిజయాలనే రాసేవి.

మరి ఏది పనిచేస్తుంది? ఈ విషయంలో భారతదేశంలో ప్రథమ్ సంస్థ అనుభవం అందరికన్నా ఎక్కువ పరీక్షకు నిలిచింది. పిల్లలను తరగతినిబట్టి కాకుండా స్థాయినిబట్టి విడదీసి నేర్పడం దాని పద్ధతి. స్థాయి తేల్చడానికి పెద్ద పరీక్షలేమీ అక్కర్లేదు. పిల్లల్ని ఒక్కొక్కరినే కూర్చోబెట్టి ముందు నాలుగు తేలిక వాక్యాల పేరా ఇవ్వాలి. మూడుకు మించి తప్పుల్లేకుండా, పదం పదం విరవకుండా చదివితే కథ ఇవ్వాలి. పేరా సాగకపోతే పదాలకు దిగాలి. అయిదింట నాలుగు చదివితే అది పదాల స్థాయి, లేకపోతే అక్షరాలకు దిగాలి. మనిషికి అయిదు నిమిషాలనుకున్నా 40 మందికి మూడు గంటలు దాటుతుంది. దీన్ని గంటలో ముగించామని ఎవరైనా అంటే పిల్లలచేత చదివించలేదని, హాజరు పట్టీ చూసి టిక్కులు పెట్టారని అర్థం.

ముంబయి, వడోదరల్లో 2001-03 మధ్య ఇదే సంస్థ వెనకబడిన పిల్లల్ని 15-20 మంది చొప్పున రోజుకు రెండు గంటలు పక్కకు తీసుకెళ్లి స్థానిక యువతులతో చదివించింది. మార్కులు స్పష్టంగా పెరిగాయి. కార్యక్రమం ఆగిన ఏడాదికి ఆ లాభంలో చాలాభాగం కరిగిపోయింది కూడా. మొదటి వాక్యాన్ని ప్రచురించి రెండోదాన్ని దాచే సంస్థలే ఎక్కువ. ఇక్కడ రెండూ బయటకు వచ్చాయి.

పద్ధతిని ప్రభుత్వ బడుల్లోకి తీసుకెళ్లినప్పుడు అసలు పాఠం బయటపడింది. బిహార్‌లో 2008 వేసవిలో నెల రోజుల శిబిరం నడిపింది ప్రభుత్వ ఉపాధ్యాయులే, పిల్లలు ముందుకెళ్లారు. బడి తెరిచాక శిక్షణ, సామగ్రి మాత్రమే ఇచ్చినచోట మార్పు లేదు. ఉపాధ్యాయుడికి చేతకాక కాదు, సిలబస్ పూర్తిచేయాలన్న ఒత్తిడి ముందు కొత్త కార్డులు బీరువాలోకి వెళ్లిపోతాయి. హరియాణాలో 2012-13లో రోజుకో గంట ఈ పనికే కేటాయించి, పర్యవేక్షకులను పెట్టి, పిల్లలను స్థాయివారీగా కూర్చోబెడితే హిందీ మెరుగైంది. గణితంలో తేడా రాలేదు. కిట్టు పంచి రెండు రోజుల శిక్షణ ఇచ్చి వెళ్లిపోయే సంస్థలు గోడకు కట్టాల్సిన ఫలితం ఇది. టైంటేబుల్లో గంట దొరకని కార్యక్రమాన్ని మొదలుపెట్టకపోవడమే మేలని మా అభిప్రాయం.

ఇక లెక్కల మాయ. ఒక కేంద్రంలో మొదటి రోజు 40 మంది ఉన్నారనుకుందాం, పేరా చదవగలిగేది 16 మంది. అంటే 40 శాతం. ఆర్నెల్లలో చదవలేని పిల్లల్లో 12 మంది రావడం మానేశారు. మిగిలిన 28 మందిలో ఒక్కరూ కొత్తగా ఒక్క అక్షరం నేర్చుకోకపోయినా చదవగలిగేవారు 57 శాతమవుతారు. నివేదికలో 17 పాయింట్ల ప్రగతి! మోసం చేయాలనే ఉద్దేశమే అక్కర్లేదు. చివరి పరీక్ష రోజున హాజరైనవారినే లెక్కించడం చాలు. అందుకే మొదటి రోజు పేర్ల జాబితాను మార్చకూడదు. మానేసినవారిని ఇంటికెళ్లి పరీక్షించాలి, కుదరకపోతే రాలేదని వేరే గడిలో చూపాలి. నేర్పినవారే పరీక్షించకూడదు. రెండుసార్లూ ఒకే పేరా ఇస్తే పిల్లలు కంఠస్థం చేసేస్తారు కనక ఒకే స్థాయివి కనీసం నాలుగు నమూనాలు ఉండాలి.

పర్యవేక్షణ సంగతి ఇంకా అన్యాయం. రెండు వారాలకోసారి ప్రతి కేంద్రానికీ వెళ్లాలని నిబంధన పెట్టి ఒక్కరి చేతికి 25 కేంద్రాలిస్తారు. రెండు వారాల్లో పనిదినాలు 12. సమావేశానికొకటి, లెక్కలకొకటి పోతే మిగిలేవి 10. రోజుకో కేంద్రంలో గంటన్నర కూర్చుని పాఠం చూసి, నలుగురు పిల్లలచేత చదివించి, టీచరుతో మాట్లాడితేనే అది పర్యవేక్షణ. పది దాటితే సంతకాలే మిగులుతాయి.

ఇందులో దాతల తప్పు తక్కువేమీ కాదు. పర్యవేక్షకుడి జీతం, ప్రయాణ ఖర్చు, పరీక్ష పత్రాల ముద్రణ వీరి దృష్టిలో ‘పరిపాలనా వ్యయం’. అది ఎంత తక్కువుంటే సంస్థ అంత నిజాయితీగలదని లెక్క. దాంతో సంస్థలు కోత పెట్టేది కచ్చితంగా ఫలితం తెలియజెప్పే పద్దులోనే. ఏడాదికోసారి ఇచ్చే నిధి కూడా ఇలాగే దెబ్బతీస్తుంది. నియామకాలు, శిక్షణ, సెలవులు పోగా చదువు నడిచేది ఆరేడు నెలలు, కుదురుకునేసరికి గడువు తీరుతుంది. మూడేళ్లకు తక్కువ ఇచ్చే దాత వస్తువులకు ఇస్తే ఇవ్వొచ్చు గానీ చదవడం నేర్పే పనికి ఇస్తున్నానని అనుకోకూడదు.

నివేదికలో మేం కోరేది ఒక్క పట్టిక. మొదటి రోజు ఏ స్థాయిలో ఎందరున్నారు, వారానికి నిజంగా ఎన్ని గంటలు బోధన జరిగింది, చివరికి ఏ స్థాయిలో ఎందరున్నారు, ఎందరు మానేశారు, కార్యక్రమం ముగిసిన ఏడాదికి మళ్లీ పరీక్షిస్తే ఎందరికి నిలిచింది. దానితోపాటు, ఫలితం ఎంతకు తగ్గితే కార్యక్రమాన్ని ఆపేస్తారో కూడా ముందే రాసుకోవాలి. పని మొదలయ్యాక ఆ గీత గీయడం ఎవరివల్లా కాదు. అప్పటికి ఉద్యోగాలు, పేరు, దాతతో స్నేహం అన్నీ దానితో ముడిపడి ఉంటాయి. కాబట్టి తొలి ఏడాది బడ్జెట్‌ను ఆమోదించే బోర్డు తీర్మానంలోనే ఆ అంకె ఉండాలి.