పండగ పూట బానిసల గోల ఎందుకట?

మన తెలుగు అసోసియేషన్ ఉగాది ప్రోగ్రాం అయి నెల దాటింది, నాకింకా మంట తగ్గలేదు. రాయకుండా ఊరుకుందామనే అనుకున్నా గానీ ఎడిటర్ గారు "రెండు పేజీలు ఖాళీ ఉన్నాయి, ఏదైనా పంపండమ్మా" అన్నారు, పంపుతున్నా, తర్వాత ఎందుకడిగామా అనుకుంటే నా బాధ్యత కాదు.

జరిగింది మీలో కొందరు చూసే ఉంటారు, మిగతావాళ్ళు అప్పటికి పులిహోర క్యూలో ఉండుంటారు. తెలుగు బడి పిల్లల ఐటమ్స్‌లో తొమ్మిదో క్లాసు పాప ఒకతి మనం ఉంటున్న నాష్‌విల్ గురించి ఐదు నిమిషాలు మాట్లాడతానని, తెలుగులో, తన చేత్తో రాసుకుని వచ్చింది. హెర్మిటేజ్ గురించి, అంటే ఒకప్పటి అమెరికా ప్రెసిడెంట్ ఆండ్రూ జాక్సన్ ఇల్లు, ఇప్పుడు మ్యూజియం, అక్కడ బానిసగా బతికిన ఆల్‌ఫ్రెడ్ అనే మనిషి గురించి. పంచాంగ శ్రవణం లేటు, చీఫ్ గెస్ట్ గారికి శాలువా, స్పాన్సర్లకి శాలువాలు, శాలువాలు కప్పినవాళ్ళకి మళ్ళీ శాలువాలు, ఆ పైన సినిమా డాన్సులు, పాప వంతు వచ్చేసరికి టైం లేదు నెక్స్ట్ ఇయర్ చూద్దాం అన్నారు. అది అర్థం చేసుకుంటా, టైముకి హాలు ఖాళీ చేయకపోతే ఎక్స్‌ట్రా కట్టాలి, నేనూ కమిటీలో చేసినదాన్నే. కానీ కర్టెన్ పక్కన నిలబడి ఒక పెద్దమనిషి నవ్వుతూ ఒక మాటన్నారు. "పండగ పూట ఈ బానిసల గోల ఎందుకమ్మా, మనకేం సంబంధం?" ఆ పాప వింది, వాళ్ళమ్మ వింది, నేనూ విన్నా.

మనకేం సంబంధమట. గణేశ టెంపుల్‌కి మనం ఏ రోడ్డు మీద వెళ్తాం? ఓల్డ్ హికరీ బులవార్డ్. ఓల్డ్ హికరీ అంటే ఎవరనుకున్నారు, ఆండ్రూ జాక్సనే, ఆయన సైనికులు ఆయనకి పెట్టుకున్న పేరు అది. హుండీలో వేసే ఇరవై డాలర్ల నోటు మీద బొమ్మా ఆయనదే. నాష్‌విల్‌లో ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని కని, ఇక్కడే రిటైర్ అవుదామనుకుంటూ సంబంధం లేదంటే ఎలా అండీ?

ఇండియా నుంచి అమ్మానాన్నలొస్తే మనం చూపించేవి నాకు తెలుసు. టెంపుల్, కాస్ట్‌కో, ఓప్రీ మిల్స్ మాల్, పార్థెనాన్ ముందు ఒక ఫొటో, లాంగ్ వీకెండ్‌లో గాట్లిన్‌బర్గ్. బ్రాడ్‌వే అయితే కారులోంచే, అద్దాలెత్తేసి. ఆ తర్వాత పాపం వాళ్ళు సోఫాలో కూర్చుని యూట్యూబ్‌లో ప్రవచనాలు చూసుకుంటారు. హెర్మిటేజ్ లాంటి పాత ఇళ్ళకి మనం అస్సలు వెళ్ళమని కాదు, వెళ్తాం, ఓణీల ఫంక్షన్ ఫొటోషూట్‌కి. తెల్ల స్తంభాల ముందు పట్టు లంగా ఓణీ ఎంత బాగుంటుందో నాకూ తెలుసు. బెల్ మీడ్ అనే పాత గుర్రాల ఎస్టేట్‌లో ఆ స్తంభాల మీద 1864 నాటి అంతర్యుద్ధంలో తగిలిన తూటా గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి, పోజు పెట్టేటప్పుడు చెయ్యి సరిగ్గా దాని మీద ఆనుతుంది, ఏంటో మాత్రం ఎవరూ అడగరు. అక్కడి గుర్రాలకి ఎంత పేరంటే, ఇంగ్లండ్‌లో ఎప్సమ్ డెర్బీని 1881లో గెలిచిన మొదటి అమెరికా గుర్రం ఇరాక్వాని తర్వాత ఈ ఫారానికే తెచ్చుకున్నారు. ఆ గుర్రాలన్నిటినీ సాకింది బాబ్ గ్రీన్, బానిసగా మొదలుపెట్టి స్వేచ్ఛ వచ్చాక జీతం మీద అక్కడే పెద్ద మాస్టరైన మనిషి. టూర్ తీసుకుంటే చెప్తారు, ఫొటోగ్రాఫర్ చెప్పడు.

ఇప్పుడు మా అమ్మ సంగతి చెప్తా, కొంచెం పొడుగు, ఓపిక పట్టండి.

అమ్మది పాలకుర్తి దగ్గర ఊరు, కుమ్మరోళ్ళు మా తాత వాళ్ళు. కిందటి ఫాల్‌లో వచ్చినప్పుడు ఎక్కడికి తీసుకెళ్ళినా "మంచిగున్నది" అని ఒక్క మాటనేసి కారెక్కి కూర్చునేది. హెర్మిటేజ్‌కి తీసుకెళ్తుంటే మా ఆయన కూడా "మీ అమ్మకి ప్రెసిడెంట్ల ఇళ్ళెందుకు" అన్నాడు. గేటు దాటి దేవదారు చెట్ల మధ్య నడుస్తున్నాం, ఆ దారి పైనుంచి చూస్తే గిటార్ ఆకారంలో ఉంటుంది, ఆ స్తంభాల ఇల్లు కనపడగానే అమ్మ ఆగిపోయింది. "గిదేంది బిడ్డా, గడీ లెక్కనే ఉన్నది." గడీ అంటే మా వైపు దొరల కోట లాంటి ఇల్లు.

లోపల హాల్లో ఫ్రాన్స్ నుంచి తెప్పించిన బొమ్మల వాల్‌పేపర్, గ్రీకు కథంట, గైడ్ చక్కగా వివరిస్తున్నాడు, అమ్మకి అదేం పట్టలేదు. "వంట యాడ చేస్తుండె?" అంది. వంటిల్లు విడిగా వెనకాల ఉంది. అది చూశాక "చేసేటోళ్ళు యాడ పంటుండె?" అంది. అప్పుడు ఇంకా వెనక్కి నడిచాం. జాక్సన్ 1804లో ఈ పొలం కొన్నప్పుడు తను ఉన్నది చెక్క దుంగల ఇంట్లో, 1821లో పెద్దింట్లోకి మారాక ఆ దుంగల ఇంటి ఒక అంతస్తు తీసేయించి బానిసలకి ఇచ్చారు. మొదట్లో ఆయన దగ్గర తొమ్మండుగురు బానిసలు, 1845లో చనిపోయేనాటికి సుమారు 150 మంది, పత్తి వాళ్ళే పండించారు. 1804లోనే ఆయన పేపర్లో ఒక ప్రకటన వేయించాడు, పారిపోయిన బానిసని పట్టిస్తే 50 డాలర్లు, కొడితే వంద కొరడా దెబ్బలకి పది డాలర్ల చొప్పున ఎక్స్‌ట్రా, 300 దెబ్బల దాకా. నేను తెలుగులో చెప్తుంటే అమ్మ మధ్యలో ఆపింది. "చాలు. మా నాయిన చెప్తుండె గిసొంటియే. గడీకి కుండలు మోసేది, పైస ఇయ్యకపోతుండిరి. కుండ పలిగితే గుడ మా నాయిన్నే తిడుతుండిరి."

ఇదంతా అమ్మ నాకు ముందెప్పుడూ చెప్పలేదు. జనగామ వైపు వెట్టి గురించి, విసునూరు దేశ్‌ముఖ్ గురించి, 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోవడం గురించి నేను డిగ్రీలో పుస్తకాల్లో చదువుకున్నా, మా ఇంట్లో వినలేదు. అది నాకు టెనెస్సీలో, ఒక ప్రెసిడెంట్ గారి పెరట్లో తెలిసింది.

తోటలో జాక్సన్, ఆయన భార్య రేచల్ సమాధుల మీద గుండ్రటి కప్పు, దానికి దగ్గర్లోనే చిన్న రాయి ఆల్‌ఫ్రెడ్‌ది. ఆ పాప రాసుకొచ్చింది ఈయన గురించే. హెర్మిటేజ్‌లోనే బానిసగా పుట్టి, స్వేచ్ఛ వచ్చాక కూడా అక్కడే ఉండి, ఇల్లు 1889లో మ్యూజియం అయ్యాక వచ్చిన జనానికి తనే తిప్పి చూపించి, 1901లో పోయాడు. ఆ ఇంటి పిల్లలకి పాఠాలు చెప్పడానికొచ్చిన ఒక టీచర్ ఒకసారి ఆయనతో స్వేచ్ఛకీ బరువులుంటాయయ్యా అని నీతులు చెప్తే, నువ్వు బానిసగా ఉంటావా మరి అని తిరిగి అడిగాడట. టీచరే తర్వాత రాసుకున్నాడు. సమాధి రాయి మీద మాత్రం జాక్సన్‌కి నమ్మకమైన సేవకుడని చెక్కారు. అమ్మకి చదివి వినిపించా. "నమ్మకం గాదు బిడ్డా," అంది, "యాడికి పోతడు?"

ఇంతవరకూ బాగుంది కదా, నాకూ ఛాతీ పొంగింది మా అమ్మని చూసి. కానీ తిరిగొచ్చేటప్పుడు కారులో అదే మనిషి గడీ దొరసాని ఎంత మంచిదో, బతుకమ్మ నాడు గడీ ముందు ఆడించి బెల్లం ఎలా పెట్టేదో మురిసిపోతూ చెప్పింది. నాకు కోపమొచ్చింది, గొడవ పెట్టుకున్నా, ఇంటికొచ్చేదాకా మాట్లాడుకోలేదు. ఇప్పటికీ ఆ విషయంలో మా ఇద్దరికీ కుదరదు.

తర్వాతి వారం చీక్‌వుడ్ తోటలకి తీసుకెళ్ళా, కోపం చల్లబడాలి కదా. అది 55 ఎకరాలు, మాక్స్‌వెల్ హౌస్ కాఫీ డబ్బుతో చీక్ కుటుంబం 1932కి కట్టుకున్న ఇల్లు, 1960 నుంచి అందరికీ తెరిచారు. ఫాల్‌లో చామంతులు ఎన్ని పెడతారంటే అమ్మ అటూ ఇటూ చూసి "ఒక్క తట్టెడు ఇస్తే బతుకమ్మ పేర్చుకోమా, అడుగు బిడ్డా" అంది. అడగలేదు లెండి.

మ్యూజియంల సంగతికొస్తే, కంట్రీ మ్యూజిక్ మనది కాదనేది మనవాళ్ళ గట్టి నమ్మకం, టోపీలు బూట్లు తాగుడు అంతే అని. సరే, నాకూ ఆ పాటలన్నీ నచ్చవు. కానీ బ్యాంజో మొదలు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ చేతుల్లో పుట్టిన వాయిద్యం. గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే ఇక్కడి రేడియో పాటల షో తొలిరోజుల్లో జనాన్ని ఊపేసినవాళ్ళలో డెఫర్డ్ బెయిలీ ఒకడు, నల్లజాతి మనిషి, హార్మోనికాలో రైలు పోతున్నట్టే వాయించేవాడు. టూర్లకి తీసుకెళ్ళి వాయించుకునేవాళ్ళు, కానీ తెల్లవాళ్ళ హోటళ్ళలో గది ఇచ్చేవాళ్ళు కాదు. 1941లో షోలోంచి తీసేశారు, తర్వాత బూటు పాలిష్ కొట్టు నడుపుకుని 1982లో పోయాడు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేరింది 2005లో. అక్కడికి వెళ్తే అందరూ ఎల్విస్ బంగారు కాడిలాక్ దగ్గర సెల్ఫీ దిగుతారు, దిగండి, కానీ బెయిలీ పేరు కూడా వెతకండి. డౌన్‌టౌన్‌లోనే 2021లో తెరిచిన ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజిక్ మ్యూజియంలో పిల్లలు తామే బీట్లు కట్టుకోవచ్చు, మా వాడిని బయటికి లాక్కురావాల్సొచ్చింది. ఫిస్క్ యూనివర్సిటీలో జూబిలీ హాల్ ఉంది చూడండి, స్కూల్ మూతపడే స్థితిలో ఉంటే 1871లో కొందరు పిల్లలు ఊరూరా తిరిగి పాడి, ఇంగ్లండ్ దాకా వెళ్ళి రాణి విక్టోరియా ముందు కూడా పాడి, ఆ డబ్బుతో లేపిన బిల్డింగ్ అది, వాళ్ళలో చాలామంది బానిసలుగా పుట్టినవాళ్ళే. సంగీతం నేర్పిస్తూ వారానికో క్లాసుకి డ్రైవ్ చేసే మన తల్లులకి ఇంతకన్నా దగ్గరి కథ ఏముంటుంది?

అవతలివైపు మాట కూడా చెప్పాలి కదా. పండగంటే సంతోషం, వారమంతా పని చేసి వచ్చినవాళ్ళకి భారీ సబ్జెక్టులు ఎక్కవు, నిజమే. టికెట్లు చవక కాదు, కుటుంబమంతా వెళ్తే జేబుకి తెలుస్తుంది, అదీ నిజమే (స్టేట్ మ్యూజియం మాత్రం ఫ్రీ, బైసెంటెన్నియల్ మాల్ పక్కనే). కొన్ని ఇళ్ళలో ఇప్పటికీ కుర్చీలు, కప్పులు, కర్టెన్ల గురించే ఎక్కువ చెప్పి మనుషుల గురించి తక్కువ చెప్తారు, అది గైడ్‌ని బట్టి ఉంటుంది. బడిలో ఫిబ్రవరిలో, నల్లజాతి చరిత్ర నెలలో, ఎలాగూ ఇవన్నీ చెప్తారు కదా అని కూడా ఒక స్నేహితురాలంది.

కానీ అసలు కారణం ఇవేవీ కాదని నా అనుమానం. వాళ్ళమ్మ తర్వాత నాకు ఆ పాప కాగితం పంపింది. చివర్లో ఇలా ఉంది, అక్షరదోషాలు సరిచేసి రాస్తున్నా: "మా తాతయ్య వాళ్ళకి చాలా పొలం ఉండేది. అందులో ఎవరు పని చేసేవాళ్ళు, వాళ్ళ పేర్లేంటి అని అడిగాను. ఇంట్లో ఎవరికీ తెలీదు."

అదీ గోల. గోల ఆల్‌ఫ్రెడ్‌ది కాదు. ఈ ఇళ్ళకి తీసుకెళ్తే పిల్లలు ఇలాంటివే అడుగుతారు, మన గడీలు, మన వెట్టి, మన పెరటి గుమ్మం దగ్గర విడిగా పెట్టే గ్లాసు గురించి అడుగుతారు, మనకి జవాబు ఉండదు, లేదా ఉంటుంది, చెప్పబుద్ధి కాదు. హెర్మిటేజ్ వాళ్ళు ఈమధ్యనే తమ భూముల్లో బానిసల శ్మశానం ఒకటి వెతికి పట్టుకున్నారు, ఇన్నేళ్ళ తర్వాత, కావాలని వెతికి. మన దగ్గర గడీలు కూలినవి కొన్ని, స్కూళ్ళయినవి కొన్ని, ప్రీవెడ్డింగ్ షూట్లకి పోయినవి కొన్ని, ఎవరు మట్టి మోశారో ఏ గోడ మీదా రాసి లేదు. నేను మన ఊళ్ళని తిట్టట్లేదు, ఆ పాప అడిగినది అడగనివ్వండి అంటున్నా, అంతే.

అసోసియేషన్ కొత్త ఈసీకి, అంటే ఎగ్జిక్యూటివ్ కమిటీకి, నా విన్నపం ఇది. ఆ పాపకి దీపావళి ప్రోగ్రాంలో ఐదు నిమిషాలివ్వండి, మొదటి గంటలో, శాలువాల కన్నా ముందు. కార్తీక వనభోజనాలకి ఎప్పుడూ బుక్ చేసే పార్క్ షెల్టర్ బుక్ చేసే ముందు ఒక్క ఏడాది, ఒక్కసారి, పెద్దవాళ్ళని పిల్లల్ని కలిపి హెర్మిటేజ్‌కి తీసుకెళ్దాం, గ్రూపుగా వెళ్తే ఏమైనా తగ్గిస్తారేమో నేను ఫోన్ చేసి కనుక్కుంటా, గైడ్ చెప్పింది తెలుగులో చెప్పడానికి నలుగురు టీనేజర్లు కావాలి, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఎక్కడెక్కడ బెంచీలున్నాయో నాకు తెలుసు. బస్సు ఎవరైనా మాట్లాడండి, పులిహోర, దద్దోజనం నావి. పేర్లు నాకు వాట్సాప్ చెయ్యండి.