సబ్బుకు నురగ, నాయకుడికి ఎత్తు

సబ్బును నురగతోనూ, నాయకుడిని ఎత్తుతోనూ కొలిచే జాతి మనది. ఇంత పాతుకుపోయిన ఆచారానికి ప్రభుత్వం ఇంతవరకు చట్టబద్ధత కల్పించకపోవడం శోచనీయం.

ముందు సబ్బు సంగతి. మంజీరా నీళ్లు వచ్చిన రోజున హైదరాబాద్‌లో ఏ సబ్బయినా మంచి సబ్బే. బోరు మోటారు వేసిన రోజున మాత్రం అదే సబ్బు మోసం, కంపెనీ దొంగ. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం దండిగా ఉంటాయి. సబ్బు మన ఒంటి మీది జిడ్డు దాకా రాకముందే వాటితో జతకట్టి, నీటిలో కరగని తెట్టుగా మారిపోతుంది. బకెట్ లోపలి అంచును గోటితో గీకి చూడండి, బూడిదరంగు పొర ఊడి వస్తుంది. మనం డబ్బు పెట్టి కొన్న సబ్బే అది. మంజూరైన నిధులు మధ్యవర్తులకే సరిపోయిన పథకంలా, మురికి వంతు వచ్చేసరికి సబ్బు దగ్గర ఏమీ మిగలదు. మనం మాత్రం నీళ్లను ఒక్క మాట అనం, సబ్బును మారుస్తాం.

అసలు నురగ చేసే పనేమీ లేదు. సబ్బు అణువుకు ఒక కొస నీటిని కోరుతుంది, రెండో కొస జిడ్డును కోరుతుంది. ఆ అణువులు గుంపుగా జిడ్డును చుట్టుముట్టి నీళ్లతోపాటు సాగనంపుతాయి. నురగలో ఉన్నది గాలి. నాణ్యత చూడాలంటే రేపర్ వెనక, మడత కింద, చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే టీఎఫ్‌ఎం చూడాలి. అంటే మొత్తం కొవ్వు పదార్థం. 76 శాతం ఉంటే మొదటి గ్రేడు, 70 ఉంటే రెండు, 60 ఉంటే మూడు. అంతకన్నా తక్కువైతే ‘బాతింగ్ బార్’ అనే గౌరవనామం. ముందువైపు మాత్రం తారామణి చిరునవ్వే ఉంటుంది. అభ్యర్థుల అఫిడవిట్లలో ఆస్తులు, కేసులు, చదువు అన్నీ ఉన్నా, ఈ మడత కింది శాతం ఒక్కటే లేదు.

ఇక ఎత్తు. అమెరికా అధ్యక్షుల్లో అందరికన్నా పొడవు లింకన్, 193 సెంటీమీటర్లు. అందరికన్నా పొట్టి జేమ్స్ మాడిసన్, సుమారు 163. ఆ దేశ రాజ్యాంగ పితామహుడని పేరు పొందింది ఈ పొట్టాయనే. పొడుగువాళ్లే గెలుస్తారని నమ్మేవాళ్లకు 1976లో ఫోర్డ్‌ను ఓడించిన కార్టర్, 2004లో కెర్రీని ఓడించిన బుష్ కనబడరు. గెలిచిన ఇద్దరూ ఓడినవాళ్లకన్నా పొట్టివాళ్లే.

మన దగ్గర ఈ శాస్త్రం ఇంకా ముదిరింది. ఇక్కడ మనిషిని కొలవరు, ఫ్లెక్సీని కొలుస్తారు. అధినేత మూడంతస్తులు, జిల్లా నేత నిలువెత్తు, డబ్బు పెట్టి కట్టించిన గల్లీ నేత కింద మూలన తపాలా బిళ్లంత.

రాజ్యాంగం 58వ అధికరణం రాష్ట్రపతి అభ్యర్థికి 35 ఏళ్లు నిండాలంది, పౌరుడై ఉండాలంది, లోక్‌సభకు ఎన్నికయ్యే అర్హత ఉండాలంది. ఎత్తు ఊసే లేదు. తెలంగాణలో పోలీసు కానిస్టేబుల్ కావాలంటే మాత్రం మగవారికి సాధారణంగా 167.6 సెంటీమీటర్లు తప్పనిసరి. అంటే మాడిసన్ మహాశయుడు సర్వసైన్యాధ్యక్షుడిగా పనికొచ్చాడు గానీ, లక్డీకాపూల్ కూడలిలో లాఠీ పట్టుకోవడానికి అనర్హుడు.

ఈ అన్యాయానికి విరుగుడుగా ఒక విన్నపం. బొల్లారంలోని రాష్ట్రపతి నిలయాన్ని ఇప్పుడు జనం చూసిరావచ్చు కదా, దాని ద్వారం దగ్గర ఒక కొలత స్తంభం పాతించాలి. 163 దగ్గర మాడిసన్ పేరు చెక్కించాలి. దానికి పైన, 167.6 దగ్గర, ‘కానిస్టేబుల్ అర్హత ఇక్కడి నుంచి’ అని రాయించాలి. 193 దగ్గర లింకన్ పేరు. 1859లో తన గురించి తాను రాసుకుంటూ, ఆరడుగుల నాలుగు అంగుళాల పక్కన ‘దాదాపు’ అని చేర్చిన నిజాయితీపరుడాయన. స్తంభం మీద ఆ మాట కూడా పడాలి, పెద్ద అక్షరాల్లో.