గీజర్ జలాలకూ ఒక ట్రిబ్యునల్ కావాలి

అంతర్రాష్ట్ర నదీ జలవివాదాల చట్టం 1956లో వచ్చింది. అప్పట్లో చాలా ఇళ్లలో వేణ్నీళ్లంటే పెరట్లో కట్టెల పొయ్యి, కాస్త ఉన్నవాళ్లయితే రాగి బాయిలర్. నడుమ గొట్టంలో బొగ్గులో, చితుకులో, కొబ్బరి చిప్పలో మండేవి, చుట్టూ నీళ్లు కాగేవి. అది కారినా ఆ నీళ్లు అరటి చెట్టు మొదట్లోకి పోయేవి. అరటి చెట్టు ఏనాడూ ఫొటో తీసి అసోసియేషన్ గ్రూపులో పెట్టలేదు. కాబట్టి చట్టం రాసినవాళ్లను తప్పు పట్టలేం. రెండు రాష్ట్రాల మధ్య పారే నీటి సంగతి చూశారు, రెండు అంతస్తుల మధ్య కారే నీటి సంగతి వాళ్లకు తట్టలేదు. ఆ లోటును ఇప్పటికైనా పూడ్చాలన్నది ఈ వ్యాసకర్త డిమాండ్.

కేసు వివరాలు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లందరికీ తెలిసినవే. చలి మొదలవుతుంది. ఇన్నేళ్లూ బకెట్లో హీటర్ రాడ్డు వేసి నెట్టుకొచ్చిన 302 వాళ్లు పదిహేను లీటర్ల గీజర్ పెట్టించుకుంటారు. వారం తిరక్కుండా 202 వాళ్ల బాత్రూం సీలింగ్ మీద ఒక మచ్చ లేస్తుంది. సంక్రాంతికల్లా అక్కడ రంగు పొంగి, పెచ్చులు రాలుతుంటాయి. 202 ఆవిడ పైకొచ్చి, ఇచ్చిన కాఫీ కూడా ముట్టకుండా, "మీ నీళ్లు మా ఇంట్లో పడుతున్నాయండీ" అంటారు. "మావి అయ్యుండవండీ, మా బాత్రూం పొడిగానే ఉంది" అంటారు 302 వాళ్లు.

నదీ వివాదాలకూ దీనికీ మౌలికమైన తేడా ఇక్కడే ఉంది. కృష్ణా నీళ్ల పంపకానికి 1969లో బచావత్ ట్రిబ్యునల్ వేస్తే, ప్రతి రాష్ట్రమూ లాయర్లను పెట్టుకుని మరీ "ఆ నీళ్లు మావి" అని వాదించింది. గీజర్ నీళ్ల దగ్గరికొచ్చేసరికి ప్రతి పక్షమూ "ఆ నీళ్లు మావి కావు" అని వాదిస్తుంది. ఇంత త్యాగబుద్ధి ఏ కోర్టులోనూ చూడం.

మొదటి ప్రతివాది, కంపెనీ టెక్నీషియన్. డబ్బా మీద 'ఫ్రీ ఇన్‌స్టలేషన్' అని ఉంటుంది. ఆయన వచ్చి గోడకు బోల్టులు దిగ్గొట్టి, గీజర్ తగిలించి, కనెక్షన్ పైపులకో బిల్లు, వాల్వుకో బిల్లు వేరేగా రాసి, నీళ్లు వేడెక్కాయని చూపించి, మన ఫోనుకొచ్చిన ఓటీపీ చెప్పించుకుని వెళ్లిపోతారు. ఫ్రీ అయినది బోల్టులు బిగించిన శ్రమ ఒక్కటే. ఓటీపీ ఇచ్చాక ఫోన్ చేస్తే జవాబు సిద్ధంగా ఉంటుంది: "గోడ బయట మాది సార్, గోడ లోపల మీది." రెండు రాష్ట్రాల మధ్య సరిహద్దు ఇంత స్పష్టంగా గీసుంటే ఎన్ని కమిటీల ఖర్చు మిగిలేదో!

రెండో ప్రతివాది ప్లంబర్. ఆయన గోడకేసి చూసి, నాలుక చప్పరించి, "ఈ పని చేసిందెవరు సార్?" అంటారు. ఏ ఊళ్లోనైనా ప్లంబర్ తొలి పలుకు ఇదే. ఆ పని చేసింది తనే అయినా ఇదే. ఆ తరవాత పానా తీసి, జాయింటు విప్పి, తెల్ల టేపు ఇంకో నాలుగు చుట్లు చుట్టి, పైన లీకు ఆపే ముద్ద మెత్తి, "ఇంక కారదు సార్" అని హామీ ఇస్తారు. ఆ హామీకి గడువు ఆయన లిఫ్టు దిగేదాకా. టేపు వల్ల గోడ బయటి మర లీకు ఆగుతుంది, నిజమే. కానీ 202 వాళ్ల సీలింగ్ తడిపే నీళ్లు మర దగ్గర్నుంచి రావడం లేదు.

అవి ఎక్కణ్నుంచి వస్తున్నాయో తెలిసిన మనిషి మూడో ప్రతివాది, బిల్డర్. ఫ్లాటు కట్టినప్పుడే గోడలో హాట్ లైన్, అంటే వేణ్నీళ్ల పైపు వేసి, చివర డమ్మీ మూత బిగించి, పైన టైల్స్ అంటించేశారు. గీజర్ పెట్టేదాకా ఆ పైపు పొడిగానే ఉంది. "పదేళ్లలో ఆ లైన్ ఒక్క చుక్క కారలేదు" అని బిల్డర్ ప్రమాణం చేస్తే అది అక్షరాలా నిజం. నీళ్లు లేని పైపు ప్రపంచంలో ఎక్కడా కారదు. మన నిర్మాణ రంగంలో నాణ్యత చాలాచోట్ల ఈ సూత్రం మీదే నిలబడి ఉంది. కొత్త గీజర్ వచ్చి, పైన ట్యాంకు నుంచి దిగే ఒత్తిడంతా మొదటిసారి ఆ పైపులోకి ఎక్కినప్పుడు, ఏ ఎల్బోకు గమ్ పూయడం మరిచారో, ఏ జాయింటు సగమే దూరిందో బయటపడుతుంది. పాపం గీజర్ ఏ తప్పూ చేయలేదు, పాత నేరాన్ని బయటపెట్టిందంతే. అందుకే కేసు దాని మీద పడింది.

ఇందులో రంగుల సంగతి కూడా ఉంది. వేణ్నీళ్లకు వేయాల్సింది మీగడ రంగు సీపీవీసీ పైపు. చన్నీళ్లకు వాడే తెల్ల యూపీవీసీ కాస్త చవక, పైగా వేడికి మెత్తబడుతుంది. గోడలో ఏది వేశారో టైల్స్ అంటించాక ఎవరికీ కనబడదు. కనబడని రంగు మీద ఖర్చెందుకని ఎవరైనా అనుకుంటే, అది వాస్తు శాస్త్రానికి విరుద్ధమేమీ కాదు కదా. వంటగది ఆగ్నేయంలో ఉందా లేదా అని టేపు పట్టి కొలిచిన మనం, పైపు రంగేమిటని ఒక్కసారి అడగలేదు.

ఇక అసలు అన్యాయం జరిగేది వాల్వుకు. గీజర్‌కు చన్నీళ్లు ఎక్కేచోట చిన్న సేఫ్టీ వాల్వు ఉంటుంది. నీళ్లు వేడెక్కితే పెరుగుతాయి: 25 డిగ్రీల దగ్గరున్న 15 లీటర్లను 65కు తెస్తే సుమారు పావు లీటరు పెరుగుతుంది. ఆ వాల్వు నీటిని వెనక్కి ట్యాంకులోకి పోనివ్వదు. మనం కుళాయి కట్టేసి ఉంచాం. మరి ఆ పావు లీటరు ఎక్కడికి పోవాలి? లోపల ఒత్తిడి మరీ పెరిగితే వాల్వు నుంచి చుక్కలు చుక్కలుగా బయటికొస్తుంది. గీజర్ పేలిపోకుండా ఉండటానికే ఆ ఏర్పాటు. అంటే ఈ మొత్తం వ్యవహారంలో రూల్సు ప్రకారం, అందరికీ కనబడేలా, బాధ్యతగా కారుతున్నది అదొక్కటే. మనం ముందు దాని నోరే మూస్తాం. దానికి మేకు కొట్టినవాళ్లున్నారు, ముద్ద పెట్టి బిగించినవాళ్లున్నారు. తరవాత ఆ బాంబు కిందే నిలబడి, హాయిగా పాటలు పాడుకుంటూ స్నానం చేస్తారు. మేకు కొట్టినవాళ్లు దయచేసి ఇవాళే పీకండి. ఇది వ్యంగ్యం కాదు. చేయాల్సింది ఆ చుక్కల కింద సన్న గొట్టం తగిలించి మోరీలోకి వదలడమే. చుక్కలు ఆగకుండా రోజంతా పడుతుంటే మెకానిక్‌ను పిలవాలి.

ఈ పరిస్థితుల్లో స్నానాల గది జలవివాదాల ట్రిబ్యునల్ తప్ప దారి లేదు. న్యాయసూత్రాలు కొత్తగా కనిపెట్టక్కర్లేదు కూడా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు కేటాయించిన బచావత్ తీర్పులో, దిగువనున్న ఆ రాష్ట్రానికి మిగులు జలాలు వాడుకునే స్వేచ్ఛ ఇచ్చారు, హక్కు మాత్రం ఇవ్వలేదు. అదే సూత్రాన్ని 202కు వర్తింపజేయవచ్చు. సీలింగ్ నుంచి పడే నీళ్లను బకెట్లో పట్టుకుని మొక్కలకు పోసుకునే స్వేచ్ఛ వాళ్లకుంది. రేపు 302 వాళ్లు లీకు బాగుచేయించుకుంటే, మా నీళ్లు ఆపేశారని కేసు వేసే హక్కు మాత్రం ఉండదు.

ట్రిబ్యునల్ వేసేంత నీళ్లు ఎక్కడున్నాయని కొందరు తేలిగ్గా మాట్లాడుతున్నారు. లెక్క చూద్దాం. సెలైన్ పెట్టేటప్పుడు సాధారణంగా 20 చుక్కల్ని ఒక మిల్లీలీటరుగా లెక్కేస్తారు. సెకనుకో చుక్క చొప్పున రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు. ఒక టీఎంసీ అంటే దాదాపు 2,830 కోట్ల లీటర్లు. ఈ లెక్కన 302 లీకు ఒక టీఎంసీ నిండటానికి సుమారు కోటీ ఎనభై లక్షల ఏళ్లు పడుతుంది. కృష్ణా మీద 2004లో వేసిన రెండో ట్రిబ్యునల్‌కు గడువు పొడిగిస్తూ వచ్చిన తీరు చూస్తే, మన ట్రిబ్యునల్ తుది తీర్పూ, ఆ టీఎంసీ నిండటమూ ఇంచుమించు ఒకేసారి జరగొచ్చు.

అందాకా మధ్యంతర ఉత్తర్వులు ఇలా ఉండాలని మనవి. గీజర్‌కు నీళ్లెక్కే యాంగిల్ కాక్ కుళాయి కట్టేసి, స్విచ్ ఆపాలి. 302 వాళ్లు వంటగదిలో నీళ్లు కాచుకుని స్నానం చేయాలి. "ఇప్పుడే బయల్దేరా సార్" అని ప్లంబర్ అన్నంత మాత్రాన ఆయన హాజరైనట్టు లెక్కించరాదు. హాట్ లైన్‌ను మళ్లీ గోడలో పాతకుండా పైనే కనబడేలా, మీగడ రంగుదే వేయాలి. అందం చెడుతుందన్న 302 ఇల్లాలి అభ్యంతరాన్ని రికార్డు చేసి, తోసిపుచ్చాలి. పగలగొట్టిన టైల్స్ డిజైన్ ఇప్పుడు మార్కెట్‌లో రావడం లేదన్న వాదన మీదా, సీలింగ్ రంగు ఖర్చు ఎవరు భరించాలన్న విషయం మీదా విచారణకు ట్రిబ్యునల్ తన గడువు పొడిగించమని కోరుతుంది.