ఎవరూ గీయని గీత దాటితే జైలా?

2018 నవంబరులో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుపోయినప్పుడు టీవీల్లోనూ పేపర్లలోనూ ఒకటే మాట, 'పొరపాటున సరిహద్దు దాటారు' అని. ఆ మాట మనకెంత అలవాటైపోయిందంటే, అసలక్కడ సరిహద్దంటూ ఉందా అని అడగడం ఎవరికీ తోచలేదు. అప్పట్లో నాకూ తోచలేదు. తీరా చూస్తే లేదు. గుజరాత్ తీరానికీ సింధ్ తీరానికీ ముందున్న సముద్రంలో రెండు దేశాలూ ఒప్పుకుని సంతకాలు పెట్టిన గీత ఇవాళ్టికీ లేదు. ఎవరి మ్యాపులో వాళ్ళు ఒక గీత గీసుకున్నారు, అంతే.

దీనికి మూలం సర్ క్రీక్. గుజరాత్, సింధ్ మధ్య ఉన్న కచ్ఛ్ రణ్ ఉప్పు నేలలో ఆటుపోట్లకి ఎక్కి దిగే 96 కిలోమీటర్ల బురద కాలవ అది. 1914లో, అప్పట్లో సింధ్‌ని ఏలే బొంబాయి ప్రభుత్వానికీ కచ్ఛ్ సంస్థానం రాజు 'రావు'కీ కుదిరిన ఒప్పందం చూపించి, తూర్పు గట్టు దాకా కాలవంతా మాదే అంటుంది పాకిస్తాన్. అదే కాగితం చూపించి, పడవలు తిరిగే కాలవ కాబట్టి నడి మధ్యలో సరిహద్దు అంటాం మనం. 1968లో రణ్ మీద ట్రిబ్యునల్ తీర్పిచ్చింది కానీ ఈ కాలవ జోలికి పోలేదు. 2007లో ఉమ్మడి సర్వే కూడా చేశారు, అయినా తగవు తేలలేదు. సముద్ర సరిహద్దు లెక్క మొదలయ్యేది ఆ కాలవ నోటి దగ్గరే కాబట్టి అక్కడ చుక్క కాస్త అటూ ఇటూ జరిగితే 200 నాటికల్ మైళ్ళ దూరం వెళ్ళేసరికి వేల చదరపు కిలోమీటర్ల తేడా వస్తుంది. అందుకే ఇద్దరిలో ఎవరూ దిగిరారు.

సరే, దిగిరావద్దు. నేననేది అది కాదు. కాలవ సంగతి తేలకపోయినా జాలరిని జైల్లో పెట్టకుండా ఉండొచ్చు, పైగా పెట్టకూడదని రెండు దేశాలూ ఎప్పుడో ఒప్పుకున్నాయి కూడా. ఐక్యరాజ్య సమితి సముద్ర చట్టం 73వ అధికరణం చదవండి. తీరం నుంచి 200 నాటికల్ మైళ్ళ దాకా ఉండే ప్రత్యేక ఆర్థిక మండలిలో ఎవరైనా చేపల వేట నిబంధనలు మీరితే బోటు ఆపొచ్చు, జరిమానా వేయొచ్చు. తగిన పూచీ కడితే బోటునీ మనుషుల్నీ వెంటనే వదిలేయాలి, బోటు ఏ దేశానిదో ఆ దేశానికి కబురు చెప్పాలి. దేశాలు తమలో తాము వేరే ఒప్పందం చేసుకుంటే తప్ప జైలు శిక్ష వేయకూడదు. ఇంత తేటగా రాసి ఉంది. మనం 1995లో, పాకిస్తాన్ 1997లో ఈ చట్టాన్ని ఆమోదించాయి. తీరాన్నానుకుని ఉండే మొదటి 12 నాటికల్ మైళ్ళు ఆ దేశపు సొంత జలాలు, వాటి లెక్క వేరు, అది నిజమే. గొడవంతా ఆ 12 మైళ్ళలోనే జరగడం లేదు కదా!

ఇంకోటి, 74వ అధికరణం. సరిహద్దు తేలేదాకా ఆచరణలో పనికొచ్చే తాత్కాలిక ఏర్పాటు ఏదైనా చేసుకోవడానికి గట్టిగా ప్రయత్నించండి అంటుందది. ఇక్కడ ఇన్నేళ్ళుగా నడుస్తున్న ఏర్పాటేమిటో తెలుసా? ఏటా జనవరి 1న, జులై 1న మీ జైల్లో మావాళ్ళు ఇంతమంది, మా జైల్లో మీవాళ్ళు ఇంతమంది అని జాబితాలు మార్చుకోవడం! 2008 ఒప్పందం ప్రకారం శిక్ష పూర్తై, ఏ దేశస్తుడో తేలిన నెలలోపు ఇంటికి పంపాలి. ఆ తేల్చే కాగితమే ఆఫీసుల మధ్య నెలల తరబడి తిరుగుతుంది. ఖైదీల బాగోగులు చూడ్డానికి రెండు దేశాల రిటైర్డ్ జడ్జీలతో ఒక కమిటీ వేశారు, 2013 తర్వాత ఆ కమిటీ జైళ్ళ ముఖం చూడలేదు. 2018లో పట్టుబడ్డ మన జాలర్లలో 20 మంది వాఘా దాటి వచ్చింది 2020 జనవరిలో, అంటే పదమూడు నెలలు దాటాక. మనమేం తక్కువ తినలేదు, సింధ్ జాలర్లూ మన జైళ్ళలో ఇలాగే మగ్గుతారు.

భద్రత మాటేమిటంటారా, అడగాల్సిన ప్రశ్నే. 2008లో ముంబై మీదకొచ్చిన పది మందీ గుజరాత్ చేపల బోటు 'కుబేర్'ని లాక్కునే వచ్చారు. కాబట్టి బోటు ఆపండి, ఐసు పెట్టె అడుగు దాకా వెతకండి, వేలిముద్రలు తీసుకోండి, ఎవరు కాదన్నారు? ఆ సోదాకి ఒక పూట చాలు. ఏడాది జైలు ఎందుకు?

గీత గీస్తే అంతా సర్దుకుంటుందనుకునే వాళ్ళు బంగాళాఖాతం వైపు చూడాలి. 2014 జులైలో ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ మనకీ బంగ్లాదేశ్‌కీ గీత గీసి ఇచ్చేసింది. వివాదంలో ఉన్న సుమారు 25,600 చదరపు కిలోమీటర్లలో 19,467 వాళ్ళకి పోయినా మనం మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాం.  అంత బాగా తేలిన చోట కూడా పట్టుకోవడాలు ఆగలేదు. 2025 జనవరిలో 95 మంది మనవాళ్ళనీ 90 మంది వాళ్ళవాళ్ళనీ మార్చుకున్నారు. రాత్రి వల దింపి ఇంజను ఆపితే బోటు నీటివాలుకి పోతుంది. తండేలు, అంటే బోటు నడిపే పెద్ద, నిద్ర లేచి జీపీఎస్ చూసేసరికి ఏ దేశంలో ఉన్నాడో అతనికే తెలీదు, ఇక గీత ఉంటే ఎంత, లేకుంటే ఎంత.

అయినా నన్ను తినేసే ప్రశ్న వేరే ఉంది. శ్రీకాకుళం జిల్లా డి.మత్స్యలేశం కుర్రాడికి అరేబియా సముద్రంతో పనేమిటి? ఇంటి ముందే బంగాళాఖాతం, జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం. కానీ పెద్ద బోటు ఆపుకోవడానికి జెట్టీ లేదు, పట్టిన చేప నిలవ పెట్టే చోటు లేదు. గుజరాత్ బోటు యజమాని, అంటే సేటు దగ్గర అడ్వాన్సు తీసుకుని అక్కడి వెరావల్ రేవుకి రైలెక్కుతాడు, బోటు సేటుది, చేప సేటుది, పట్టుబడితే జైలు మాత్రం వీడిది. అదే జిల్లాలో బుడగట్లపాలెం చేపల హార్బరుకి శంకుస్థాపన జరిగింది 2023 ఏప్రిల్లో. ఆ రాయి పడాల్సింది ఓ ముప్పై ఏళ్ళ ముందు. సర్ క్రీక్ తేల్చడానికి ఇస్లామాబాద్ ఒప్పుకోవాలి, జైళ్ళు ఖాళీ చేయాలన్నా రెండు చేతులు కలవాలి. మన ఒడ్డున జెట్టీ కట్టుకోవడానికి ఏ దేశం ఒప్పుకోవాలి?