నది లెక్కకు చెట్ల సాక్ష్యం

కృష్ణా నదిలో నమ్మదగిన నీళ్లు ఎన్ని? రాష్ట్రాల మధ్య ఆ నీటి పంపకాన్ని తేల్చిన బచావత్ ట్రైబ్యునల్ 2,060 టీఎంసీలంది. తర్వాత వచ్చిన బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ 2,173 అంది. నాలుగేళ్లలో మూడేళ్లు తప్పక వచ్చే నీరు ఎంత అన్నదే ఆ రెండు అంకెలకూ కొలబద్ద. మొదటి ట్రైబ్యునల్ 1894-95 నుంచి 78 ఏళ్ల ప్రవాహాన్ని చూసింది. రెండోది 1961-62 నుంచి 47 ఏళ్లు చాలనుకుంది. ఏళ్లు మార్చి లెక్కవేస్తే కాగితం మీద 113 టీఎంసీలు పెరిగాయి. సాగర్ కుడి కాలువ చివరి భూముల్లో మిర్చి వేసుకున్న పల్నాడు రైతుకు ఆ పెరిగిన నీళ్లు ఎక్కడున్నాయో ఎవరూ చూపలేదు. 78 ఏళ్లు మేలా, 47 ఏళ్లు మేలా అన్న వాదన న్యాయవాదులు చేసుకుంటారు. ఒక నది స్వభావం తెలియడానికి ఈ రెండింటిలో ఏదైనా చాలుతుందా అన్నది మా సందేహం.

అమెరికాలో ఈ సందేహానికి జవాబు దొరికింది, కాకపోతే ఆలస్యంగా. కొలరాడో నదిని పంచుకోవడానికి ఏడు రాష్ట్రాలు 1922లో ఒప్పందానికి వచ్చాయి. అప్పటికి వారి దగ్గరున్న కొలతలు కొద్ది దశాబ్దాలవే. వాటినే నమ్మి ఎగువ, దిగువ పరీవాహకాలకు కలిపి ఏడాదికి మన లెక్కలో దాదాపు 653 టీఎంసీలు రాసిచ్చారు. 1976లో స్టాక్‌టన్, జాకోబీ అనే శాస్త్రవేత్తలు ఆ పరీవాహకంలోని పైన్, డగ్లస్ ఫర్ వంటి చెట్ల వలయాలను, అంటే మాను అడ్డుకోతలో ఏటికొకటిగా కనిపించే చుట్లను, చదివి నాలుగు శతాబ్దాలకు పైబడిన ప్రవాహాన్ని అంచనా కట్టారు. సగటు 590 టీఎంసీల దరిదాపుల్లో తేలింది. ఒప్పందం నాటి ఏళ్లు ఆ నదికి అరుదుగా వచ్చిన తడి ఏళ్లని బయటపడింది. అంటే లేని నీళ్లను పంచుకున్నారు. తర్వాత ఎండలు ముదరడం కూడా తోడై, 2021లో ఆ నదిపై తొలిసారి అధికారికంగా కొరత ప్రకటించారు. మరుసటి ఏడు ఆ నది మీది మీడ్ జలాశయం 1930లలో నిండింది మొదలు ఎన్నడూ లేనంత అడుగుకు చేరింది.

చెట్టుకు ఈ సంగతులు ఎలా తెలుస్తాయన్నది ఆసక్తికరమైన విషయం. పైన్, దేవదారు, ఫర్ వంటి సూది ఆకుల చెట్లు వసంతంలో నేల తడిగా ఉన్నప్పుడు పెద్ద పెద్ద దారుకణాలను (మానులో నీటిని మోసే కణాలను) పల్చని గోడలతో కట్టుకుంటాయి. ఎదుగుదల కాలం ముగిసేవేళ ఇరుకు కణాలను మందపాటి గోడలతో కడతాయి. లేత పట్టీ, ముదురు పట్టీ కలిస్తే ఒక ఏడు. కొత్త కణం సాగాలంటే లోపల నీటి ఒత్తిడి ఉండాలి. నేలలో తడి లేకపోతే ఆ ఒత్తిడి రాదు, కణం చిన్నదిగానే మిగులుతుంది. ఉన్న నీటిని కాపాడుకోవడానికి చెట్టు పత్రరంధ్రాలను మూసుకుంటుంది. దాంతో బొగ్గుపులుసు వాయువు లోపలికి రాదు, ఆహారం తయారు కాదు. ఆ ఏటి వలయం సన్నబడుతుంది. మరీ గడ్డు కరువైతే మాను మొదట్లో వలయమే ఏర్పడకపోవచ్చు. అందుకే ఒక్క చెట్టును నమ్మరు. పదుల చెట్లను పక్కపక్కన పెట్టి, సన్న వలయాల వరుసను ఒకదానితో ఒకటి సరిచూసి ఏ వలయం ఏ సంవత్సరానిదో తేలుస్తారు. ఈ పద్ధతికి ఆద్యుడు డగ్లస్ అనే ఖగోళ శాస్త్రవేత్త. సూర్యుడి మచ్చల జాడ కోసం చెట్లను వెతకబోయి వానల జాడ పట్టుకున్నాడు!

వాన పడగానే చెట్టు కోలుకోదు. పైన్ ఆకులు ఏళ్ల తరబడి కొమ్మనే ఉంటాయి కనుక, కరువునాడు పొట్టిగా వచ్చిన ఆకులతోనే తర్వాతి ఏళ్లూ నెట్టుకురావాలి. దెబ్బ ఇంకా లోతుగా తగిలితే కాండంలోని నీటి ధార తెగి గాలి బుడగలు చేరతాయి. తనను కాపాడే జిగురు తగ్గిపోయి బెరడు పురుగుకు లొంగిపోతుంది. 2012-16 మధ్య కరువుకు కాలిఫోర్నియాలో పది కోట్లకు పైగా చెట్లు చనిపోయింది ఇలాగే. అయితే అన్ని చోట్లా సన్న వలయానికి అర్థం కరువే అనుకోకూడదు. మంచు కొండల పై అంచున ఉన్న చెట్టును ఎండ పెంచుతుంది, చలి ఆపుతుంది. అదే జాతి చెట్టు కింద, పొడి వాలులో ఉంటే దాన్ని అదే ఎండ చంపుతుంది. పశ్చిమ హిమాలయాల దేవదారుకు వానాకాలం కంటే ముందరి వేసవి ముఖ్యం, ఆ నెలల్లో వేడి ఎక్కువైతే వలయం సన్నబడుతుంది. మన నైరుతి రుతుపవనం గురించి అది చెప్పేది తక్కువ.

ఇంత దూరపు చెట్లతో గుంటూరుకు ఏం పని అనేవారు ఒక పాత సంగతి గుర్తు చేసుకోవాలి. 2010లో చెట్ల వలయాలను చదివే శాస్త్రవేత్త ఎడ్వర్డ్ కుక్ బృందం ఆసియాలో మూడు వందలకు పైగా ప్రదేశాల చెట్ల వలయాలను కలిపి ఏడు శతాబ్దాల కరువుల పటం గీసింది. అందులో నాలుగు మహా కరువులు ప్రత్యేకంగా తేలాయి. నాలుగోది 1876-78 నాటిది, రాయలసీమ వారు ధాత కరువు అని తలచుకునేది. మూడోది 1790ల నాటిది, ఉత్తర సర్కారు జిల్లాల్లో ఆకలి చావులు నింపినది. ఆ నాలుగింటిలో మన నందన కరువు లేదు. 1832-33లో ఒక్క గుంటూరు జిల్లాలోనే ఐదు లక్షల జనంలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది పోయారని నాటి అంచనాలు చెబుతున్నాయి. డొక్కల కరువని జనం పిలుచుకున్నదీ దాన్నే. బెజవాడ దగ్గర కృష్ణకు 1855 నాటికి ఆనకట్ట పూర్తి కావడం వెనుక ఆ చావుల జ్ఞాపకం ఉంది. మన జిల్లాను సగం ఖాళీ చేసినంత పని చేసిన కరువు ఆసియా అంతటి పటంలో పెద్ద గుర్తుగా తేలలేదంటే, మన కరువులకు మన దగ్గరి చెట్లే సాక్ష్యం చెప్పాలి.

ఇక్కడే చిక్కు. సూర్యలంక ఒడ్డున చూసే సరుగుడు సూది ఆకుల చెట్టులా కనిపించినా అది పూల జాతి, ఆస్ట్రేలియా వైపు నుంచి తెచ్చి నాటినది. అరకులోని పైన్ తోటలు నిన్నమొన్నటివి. మన ప్రాంతానికి ఆ బాధ్యత టేకు తీసుకోగలదు. ఎండాకాలం ఆకు రాల్చి, వానతో చిగురించే టేకు ఏటికొక స్పష్టమైన వలయం వేస్తుంది. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ మధ్య, దక్షిణ భారత టేకుతో రుతుపవనాల చరిత్రను అధ్యయనం చేస్తూనే ఉంది. కృష్ణా నీటిలో పెద్ద భాగం పశ్చిమ కనుమల నుంచి వస్తుంది కనుక అక్కడి టేకు, మన కరువుల కోసం నల్లమల టేకు రెండూ చదవాలి. ముదురు చెట్లు ఎన్నో మిగల్లేదు. ఉన్నవాటి నుంచి పెన్సిలంత నమూనా తీస్తే చాలు, మాను నరకనక్కర్లేదు.

అడవిలో లేనిది ఊళ్లో దొరకవచ్చు. విజయవాడ, గుంటూరు పాత వీధుల్లో మండువా ఇళ్లు పడగొట్టి అపార్టుమెంట్లు లేపుతున్నప్పుడల్లా దూలాలు, ద్వారబంధాలు పాత కలప దుకాణాలకు చేరుతున్నాయి. వాటిని రంపం పెట్టేలోపు అడ్డుకోత నమూనాలు సేకరించడం ఏ విశ్వవిద్యాలయానికీ పెద్ద ఖర్చు కాదు. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. కోస్తాలో కలవారి ఇళ్లకు రంగూన్ టేకు వాడటం గొప్పగా ఉండేది. ఆ దూలాన్ని చదివితే బర్మా వానలు తెలుస్తాయి గాని బెజవాడ వానలు తెలియవు. కలప ఎక్కడిదో ముందు తేల్చుకోవాలి.

చెట్లు టీఎంసీలు చెప్పవన్న అభ్యంతరం నిజమే. పైగా అవి కరువును చెప్పినంత బాగా వరదను చెప్పవు. తడి ఒక మేరకు మించితే వలయం ఇంకా వెడల్పు కాదు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులకు పైగా పోయిన వరద ఏ చెట్టులోనూ అంత గట్టిగా నమోదై ఉండదు. అంతకు ఏడాది ముందు, 1901 తర్వాత దేశమంతా ఎన్నడూ చూడనంత పొడి ఆగస్టు మాత్రం ఉంటుంది. మనకు కావలసిన సమాచారం కూడా అదే: వరుసగా రెండేళ్లు, మూడేళ్లు, ఐదేళ్లు వానలు తప్పిన సందర్భాలు గత మూడు, నాలుగు వందల ఏళ్లలో ఎన్ని? శ్రీశైలం, సాగర్ నిల్వలు ఒక చెడ్డ ఏటిని ఓర్చుకోగలవు. వరుస కరువును ఓర్చుకుంటాయో లేదో 47 ఏళ్ల పట్టిక చూసి చెప్పలేము.

బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్‌కు రెండు తెలుగు రాష్ట్రాల వాటాలపై 2023 అక్టోబరులో కేంద్రం కొత్త విచారణాంశాలు అప్పగించింది. అక్కడ ప్రతి అంకె మీదా పోట్లాడుతున్న ఇరు ప్రభుత్వాలూ ఈ ఒక్కటి ఉమ్మడిగా అడగవచ్చు. పరీవాహకంలోని చెట్ల నమూనాలు తీసి, కేంద్ర జలసంఘం ప్రవాహ లెక్కల పక్కన పెట్టి, కరువు వరుసల నివేదిక ఇవ్వమని పుణే సంస్థను కోరాలి. ఖర్చును రెండు రాష్ట్రాలూ సగం సగం భరించాలి. నివేదిక ఎవరి వాదనకు బలమిస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు కనుక, అడగడానికి ఇదే అనువైన సమయం.