గట్టు మీద పరిశోధన

పోరంకిలో మా బావగారి ఇంటి వెనక స్విమ్మింగ్ పూల్ పని గట్టు దగ్గర ఆగింది. గొయ్యి తవ్వేశారు, కాంక్రీటు పోశారు, లోపల నీలం టైల్స్ అంటించారు. గట్టు మీద ఏ రాయి పరవాలన్నది మాత్రం తేలలేదు. ఇల్లు కొన్నప్పుడు దస్తావేజు సరిగ్గా చదవని మనిషి గట్టు కోసం ఎక్సెల్ షీటు వేశారు.

పూల్ పొడవు 20 అడుగులు, వెడల్పు 10. చుట్టూ అడుగు వెడల్పు గట్టంటే మూలలతో కలిపి 64 చదరపు అడుగులు. ఒక రాయికీ ఇంకో రాయికీ అడుగుకి 200 తేడా ఉన్నా మొత్తం మీద 12,800. బంధుమిత్రులందరి అమూల్యాభిప్రాయాలు సేకరించాల్సిన మొత్తమే, కాదనను.

షీటులో మొదటి వరస తాండూరు రాయిది. చదరపు అడుగు రెండంకెల్లో దొరుకుతుంది కాబట్టి మా అక్క వెంటనే కొట్టిపారేసింది. "పాత ఇంటి వంటగదిలో ఉన్నది అదే కదా, చుట్టాలు చూస్తే ఏమనుకుంటారు?" రెండోది టర్కీ ట్రావెర్టైన్, మూడంకెలు. రెండూ సున్నపురాళ్లే, రెండిటికీ యాసిడ్ పడదు. ఒకదానికి పాస్‌పోర్టు ఉంది, అంతే. అంచు గుండ్రంగా తిప్పే బుల్‌నోజ్ పనికి రన్నింగ్ ఫుట్ లెక్కన వేరే ఇచ్చుకోవాలని తెలిసిన రోజు బావగారు అన్నం సరిగ్గా తినలేదు.

మూడోది చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ. నల్లటి రాయిలో బంగారు చుక్కలు, దేశదేశాలకీ వెళ్లే సరుకు. దాన్ని పరీక్షించడానికి మే నెల మిట్టమధ్యాహ్నం నమూనా పలకలన్నీ డాబా మీద పెళ్లిచూపులకి కూర్చోబెట్టినట్టు వరసగా పేర్చారు. బెజవాడ ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. వాటి మీద నిలబడేదెవరు? అందరూ అల్లుడి వైపు చూశారు. పాపం, హైదరాబాద్ నుంచి నూజివీడు రసాలు తిందామని వచ్చాడు. చెప్పులు విప్పించారు. తాండూరు మీద పళ్లు బిగబట్టి నిలబడ్డాడు. ట్రావెర్టైన్ మీద కాస్త నవ్వాడు కూడా. బ్లాక్ గెలాక్సీ మీద కాలు పెట్టి "అమ్మో" అంటూ గెంతి నీళ్ల ట్యాంకు పక్కన తేలాడు. బావగారు 'వేడి' గడిలో 10కి 2 అని రాసుకుని, "ఇంకోసారి నిలబడు బాబూ, టైమ్ చూడలేదు" అన్నారు. మామగారి మాట తీసెయ్యలేక మళ్లీ ఎక్కాడు. ఈసారి అక్క నీళ్లు కూడా చల్లింది. జారాడు. పాలిష్ రాయి తడిస్తే జారుతుందని షాపులో కుర్రాడు ముందే చెప్పాడు గానీ, సొంత అల్లుడు పడితే కలిగే నమ్మకం వేరు.

చివరికి తెల్ల గ్రానైట్ ఖాయమైంది. మంటతో గరుకు చేసిన ఫ్లేమ్డ్ ఫినిష్. జారదు, నలుపంతగా కాలదు.

మూలల దగ్గర ఏటవాలుగా కొయ్యడానికి ఒక కుర్రాడొచ్చాడు. చేతిలో కట్టర్ మిషన్, మూతికి కర్చీఫ్. బ్లేడు రాయికి తగలగానే దుమ్ము లేచి కనురెప్పలతో సహా తెల్లబడిపోయాడు. "కారు మీద పడుతోంది, అటు తిరిగి కొయ్యి" అని వరండాలోంచి కేక. తిరిగాడు. గాలి అటునుంచే వస్తోంది.

గ్రానైట్ దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. సిలికోసిస్ అంటారు, నయం చేసే మందు లేదు. కర్చీఫ్ దాన్ని ఆపదు. బ్లేడు మీద సన్నగా నీళ్లు పడే కట్టర్ పెడితే దుమ్ము చాలా వరకు లేవదు. నీళ్లు! 25 వేల లీటర్లు పట్టే గోతికి ట్యాంకర్లు మాట్లాడుకున్న ఇంట్లో ఆ బ్లేడు మీదికి నీళ్లు లేకపోయాయా? అల్లుడి అరికాలికి మార్కులు వేసిన షీటులో ఆ కుర్రాడి ఊపిరికి ఒక్క గడి లేకపోయిందా? సిగ్గుండాలి.

అడిగితే బావగారు శాంతంగా "అదంతా మేస్త్రీ చూసుకోవాలి" అన్నారు. ఆ మేస్త్రీ దగ్గరే కోత కూలి అడుగుకి 5 రూపాయలు తగ్గించానని పొద్దున గొప్పగా చెప్పారు. పూల్ చుట్టుకొలత 60 అడుగులకి 300. షీటులో 'ఆదా' గడికి ఆకుపచ్చ రంగు కూడా వేశారు.